అవధానము – ధారణ : సంస్కారోత్పత్తి విచారము

అష్టావధానమును జూచిన ప్రేక్షకుడు, అవధాని ఎనిమిది విషయములపై ఏకకాలమున మనస్సు నిలుపుచున్నాడని తలంచును. ఆ తలంపు యుక్తమా యనునది ఇచట విచార్యము.

న్యాయమతమున మనస్సు అణుపరిమాణము; కావున ఒకే క్షణమున అనేకజ్ఞానములు కలుగవు. అనుభవము సంస్కారమును, సంస్కారము స్మృతిని కలిగించును. అయినను ప్రతి యనుభవమును సంస్కారజనకము కాదు. ఉపేక్షారూపము కాని నిశ్చయమే భావనాఖ్యసంస్కారమునకు కారణమని విశ్వనాథ పంచాననుని భాషాపరిచ్ఛేదము తెలుపుచున్నది. సిరిసిల్ల వీథిలో నడచువాని చెవికి మరమగ్గముల చప్పుడు సోకును. మనస్సు పెట్టనిచో ఏ మగ్గము ఎప్పుడాగినదో అతడు చెప్పజాలడు. శబ్దము వినబడినది, సంస్కారము కలుగలేదు.

ఆధునిక శాస్త్రము ఈ మతమునకు సమీపముననే యున్నది. మెదడు ముందుభాగము గ్రాహ్యవిషయమును ఎన్నుకొనుటకు, హిప్పోకాంపస్ అను భాగము దానిని జ్ఞాపకముగా కూర్చుటకు తోడ్పడును. 1996లో ఫెర్గస్ క్రెయిక్ ప్రభృతులు ప్రకటించిన పరీక్షలలో, నేర్చుకొనునపుడు అవధానము చీలినచో స్మృతి మిక్కిలి క్షీణించెను. స్మరించునపుడు చీలినచో కలిగిన హాని స్వల్పము.

కోరుట్ల కవి అందె వేంకటరాజము వంటివారు నిర్వహించిన అష్టావధానప్రక్రియను ఈ దృష్టితో పరిశీలింపవలెను. పృచ్ఛకులు ఎనమండుగురైనను ప్రశ్నలు వరుసగనే వచ్చును. సమస్యకు, దత్తపదికి, వర్ణనకు ఒక్కొక్క ఆవృత్తియందు ఒక్కొక్క పాదము చెప్పబడును. అవధాని ఒక్కొక్కదానియందు చిత్తమును పూర్ణముగా నిలిపి, విడిచి, మరల అందుకొనును. ప్రాస పాదమును పాదముతో ముడివేయును. తుది ధారణ ఆ తొలి గ్రహణమునకు ఫలము.

ఘంటాగణనమున ఏకకాలత స్పష్టము కదా యని పూర్వపక్షము. అదియు శతపత్రభేదన న్యాయముచే సమాధేయము. సూది నూరు రేకులను ఒక్కసారిగ గ్రుచ్చినట్లు తోచును. నిజమునకు అచట క్రమము కలదు.

జగిత్యాల ప్రాంతమున ధర్మపురి వేదవిద్యకు ప్రసిద్ధము. వేదాధ్యయనపు సంతలో గురువు ఒకమారు పలుకగా శిష్యుడు రెండుమారులు పలుకును. ఉపేక్ష స్వరదోషముగా వెంటనే బయటపడును. 2016లో జేమ్స్ హార్ట్‌జెల్ బృందము 21 మంది యజుర్వేదపండితుల మెదడులను పరిశీలించి, కుడి హిప్పోకాంపస్‌తోసహా కొన్ని భాగములందు ధూసరపదార్థము అధికమని ప్రకటించెను. అయినను అధ్యయనమే ఆ భేదమునకు కారణమని దానివలన సిద్ధింపదు.

విద్యార్థి ఒకవంక వినుచు, ఒకవంక వ్రాసికొనుచు, పిదప శ్లోకమును మరచినచో ఆచార్యుడు దానిని మేధాలోపమని నిందించుట కలదు. అచట నశించినది స్మృతి కాదు, సంస్కారమే పుట్టలేదు. కావున ముందు వినిపించి, పలికించి, పిదప వ్రాయించుట యుక్తము.