ప్రతిరక్షకాలు ఉన్నా పిల్లి ఎందుకు బతకదు?

పుదుచ్చేరి శివారు కురుంబపేటలో రాజీవ్ గాంధీ పశువైద్య విద్య, పరిశోధన సంస్థ ఉంది. ఇలాంటి చోట చదివే విద్యార్థులను తికమకపెట్టే జబ్బు ఒకటుంది. అదే ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్, పొట్టిగా ఎఫ్‌ఐపీ. పిల్లికూన తిండి మానేస్తుంది, జ్వరం తగ్గదు, చాలాసార్లు పొట్టలో నీరు చేరుతుంది. రక్తం పరీక్షిస్తే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, దండిగా ఉంటాయి. అయినా అది చావు అంచునే ఉంటుంది.

దీనికి కారణం పిల్లుల కరోనా వైరస్. కోవిడ్ వైరస్ వేరు, ఇది వేరు. ఇది మనుషులకు సోకదు. ఎన్నో పిల్లుల పేగుల్లో ఇది ఉంటుంది, మహా అయితే కొద్దిపాటి విరేచనాలు కలిగిస్తుంది. కొన్ని పిల్లుల్లో మాత్రం ఉత్పరివర్తనం చెంది మాక్రోఫేజ్ కణాల్లో పెరగడం మొదలుపెడుతుంది. సూక్ష్మజీవులను మింగి చంపాల్సిన కణాలవి. కాపలావాడే దొంగను భుజాన వేసుకుని ఊరంతా తిప్పినట్టు, అవే వైరస్‌ను ఒళ్లంతా మోసుకెళ్తాయి. ప్రతిరక్షకం అంటుకున్న వైరస్‌ను మాక్రోఫేజ్ మరింత సులువుగా లోపలికి తీసుకుంటుంది. అందుకే ప్రయోగాల్లో ముందే ప్రతిరక్షకాలున్న పిల్లులకు జబ్బు ఇంకా త్వరగా ముదిరింది. టీకా తయారీ కష్టమైందీ ఇందుకే.

పిల్లిని కాపాడేవి టీ కణాలు. వైరస్ సోకిన కణాన్ని గుర్తించి చంపే పని వాటిది. ఎఫ్‌ఐపీలో రక్తంలో వాటి సంఖ్యే పడిపోతుంది.

ఒకప్పుడు ఈ జబ్బు వస్తే దాదాపు మరణమే. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందుతో 31 పిల్లులకు చికిత్స చేసిన ఫలితాలు ప్రచురించింది. 26 పిల్లులు 12 వారాలు లేదా అంతకు మించి చికిత్స పూర్తిచేశాయి. కొన్నింటికి జబ్బు తిరగబెట్టి మళ్లీ మందు ఇవ్వాల్సి వచ్చినా, 25 దీర్ఘకాలం బతికాయి. శరీరంలో రెమ్‌డెసివిర్ మారే రూపాల్లో ఈ మందు కూడా ఒకటి.

మందు వైరస్‌ను ఆపుతుంది. దెబ్బతిన్న రోగనిరోధక వ్యవస్థ సంగతేమిటి? అందుకే డేవిస్ పరిశోధకులు మందుతో పాటు కొవ్వు నుంచి తీసిన మీసెంకైమల్ మూలకణాలనూ ఎక్కించి చూశారు. ఇవి స్వయంగా వైరస్‌తో పోరాడవు. వాపును తగ్గించి, టీ కణాలు తేరుకునేందుకు తోడ్పడతాయని ఆశ. ఇది సొంతంగా చికిత్స అనడం తొందరపాటే.

ఈ ఆశకు ఆధారం లేకపోలేదు. పిల్లులకు నోటి లోపలంతా పుండుపడే మొండి జబ్బు ఒకటుంది. క్యాలిసివైరస్‌కు అందులో పాత్ర ఉందని అనుమానం. పళ్లన్నీ పీకేసినా తగ్గని 7 పిల్లులకు డేవిస్‌లోనే, బోజ్ ఆర్జి బృందం వాటి కొవ్వు నుంచే కణాలు పెంచి, 2 కోట్ల చొప్పున రెండుసార్లు రక్తనాళంలోకి ఎక్కించింది. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం 3 పిల్లులకు జబ్బు పూర్తిగా తగ్గింది, 2 బాగా కోలుకున్నాయి, మిగిలిన రెంటికీ ఫలితం లేదు.