గణనయంత్రమున మానవదేహము

విద్యార్థులారా! దేహమును కోయకయే దాని నిర్మాణమును నేర్చుకొనుట సాధ్యమా? అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము 1994లో ఒక పురుషుని దేహమును, 1995లో ఒక స్త్రీ దేహమును గణనయంత్రమున కెక్కించెను. గడ్డకట్టించిన పురుషదేహమును మిల్లీమీటరు చొప్పున గీకివేయుచు, 1,871 పొరలకు ఛాయాచిత్రములు తీసిరి. స్త్రీదేహమునకు ఆ పొరలు 5,000కు మించినవి. పుటలు పేర్చి పుస్తకము కట్టినట్లు యంత్రము వానిని కూర్చి, గుండెను, ఎముకలను కోరిన దిక్కునుండి చూపును. దానిపై శస్త్రచికిత్స నభ్యసించువాడు తప్పినను ప్రాణహాని లేదు. అయితే బొమ్మకు నొప్పి తెలియదు. రోగియెడల దయ వేఱుగా నేర్వవలెను.

ఆ పురుషుడు టెక్సాసున 1993లో మరణదండన నొందిన ఖైదీ. చావునకు ముందు తన దేహమును శాస్త్రమునకు దానమిచ్చెను. లోకము శిక్షించిన దేహమే లోకమునకు గురువైనది. వాడరేవు పిల్లలలో రేపు వైద్యవిద్య చదువబోవువారు ఆ చిత్రముల వెనుక దాత లున్నారని మఱువకుందురు గాక!