ఇల్లు కట్టువాని లెక్క

పాఠ్యభాగములు: 2 రాజులు 12:4–15, లూకా 14:28–30, యాకోబు 5:4

గోదావరిఖనిలో ఇల్లు కట్టించుకొనువారిలో అనేకులు సింగరేణి కుటుంబములవారు. ఉద్యోగమున్నంత కాలము కంపెనీ క్వార్టరులో ఉందురు. రిటైరైన పిమ్మట దానిని ఖాళీ చేయవలెను. 1948 నాటి చట్టమువలన ఏర్పడిన బొగ్గు గనుల ప్రావిడెంటు ఫండు సొమ్మును, గ్రాట్యుటీయును అప్పుడే చేతికి వచ్చును. ఏండ్ల తరబడి బావిలోనికి దిగి సంపాదించినది అది, మరల రానిది. దానిని తెచ్చి గుత్తేదారు చేతిలో పెట్టుదురు. గుత్తేదారు లెక్క తప్పినయెడల నష్టము అతనికి మాత్రమే కాదు. ఇల్లు స్లాబు వరకు లేచి నిలిచిపోవును. ఇంటివారు అద్దె గదిలో మిగిలిపోవుదురు.

మన సంఘములలో సుతారి మేస్త్రీలును, సెంట్రింగు పనివారును, చిన్న గుత్తేదారులును ఉన్నారు. వారి నిమిత్తము ఈ పాఠము వ్రాయుచున్నాము.

యోవాషు రాజు దినములలో మందిరము బాగుచేయుటకని సొమ్ము వచ్చుచుండెను. అయినను అతని యేలుబడిలో 23వ సంవత్సరము వరకు శిథిలములు అట్లే ఉండెను. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జము చేసి, బలిపీఠము ప్రక్కన ఉంచెను. అందులో పడిన సొమ్మును లెక్కించి, సంచులలో కట్టి, పని చేయించువారి చేతికిచ్చిరి. వడ్లవారికిని కాసెపనివారికిని అందుండి చెల్లింపబడెను, పని సాగెను. సొమ్ము వచ్చుట వేరు, సొమ్ము పనికి చేరుట వేరు అని ఇందువలన నేర్చుకొనుచున్నాము.

మొదటిది: లాభము ముందే లెక్కలో ఉండవలెను.

లాభము అడుగుట పాపమని కొందరు మంచివారు తలంచి, తక్కువ రేటు చెప్పుదురు. పని దొరికిన చాలునని మరికొందరు చెప్పుదురు. ఇద్దరును ఒకే గోతిలో పడుదురు. ఒక ఇంటికి సామానులు, కూలి కలిసి 20 లక్షల రూపాయలగుననుకొందము. దానిపై నూటికి 20 కలిపి 24 లక్షలకు ఒప్పుకొన్నవాడు తనకు 20 శాతము మిగులుననుకొనును. కాని 24 లక్షలలో 4 లక్షలు ఆరవ వంతు మాత్రమే, అనగా నూటికి 16 రూపాయల 67 పైసలు. బిల్లులో నిజముగా 20 శాతము ఉండవలెనన్న 25 లక్షలు చెప్పవలెను.

ఆ 4 లక్షలైనను మిగులు కాదు. ఆరు నెలలు పని చూచుకొన్న తన కష్టమునకు నెలకు 25 వేల చొప్పున లక్షన్నర. కలుపు మిషను బాగుచేతకు 50 వేలు. బండి, పెట్రోలు, ఫోను మొదలగువాటికి 60 వేలు తీయుడి. నిలుచునది 1 లక్ష 40 వేలు. అది బిల్లులో నూటికి 6 రూపాయలకంటె తక్కువ. ఒక గోడ పడగొట్టి మరల కట్టవలసివచ్చిన అదియును కరగిపోవును. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు చూచుకొనవలెనని ప్రభువు చెప్పినది ఇందుకే గదా! తక్కువ చెప్పి మధ్యలో విడిచిపోవుట దయ కాదు.

రెండవది: నేలను, కొలతను, నేటి ధరను చూచి మాట ఇయ్యవలెను.

నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొనును; పునాది లోతు పెరుగును. పూడ్చిన మట్టిపైని, క్రింద బొగ్గు తవ్విన చోటను నేల కుంగవచ్చును. గుంట తీసి చూడకుండ చదరపు అడుగు రేటు చెప్పుట గ్రుడ్డివాని బేరము.

కొలతలోని చిన్న తప్పు ఎంత తినునో చూడుడి. 1000 చదరపు అడుగుల స్లాబు 5 అంగుళముల మందమున పోసిన, ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్ల కాంక్రీటుకు సుమారు 94 బస్తాల సిమెంటు పట్టును. సెంట్రింగు మట్టము సరిచూడక మందము అంతటను ఒక అంగుళము హెచ్చినయెడల మరి 19 బస్తాలు పోవును. ఇసుక, కంకర వేరు. ఇంటివాడు దానికి పైకమియ్యడు.

ధరలును మారును. 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గెను. పెరుగు దినములును ఉండును. కాబట్టి అంచనా కాగితముపై తేదీని, ఆ ధర ఎన్ని దినములు నిలుచునో వ్రాయవలెను. తరువాత ఇంటివారు గది పెంచుమన్నను, తలుపు మార్చుమన్నను, పని ముట్టకముందే ఖరీదు వ్రాసి సంతకము తీసికొనవలెను. నోటి మాటతో చేసిన అదనపు పనియే చివరకు తగాదా యగుచున్నది.

మూడవది: ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క పెట్టె.

ఒకరి అడ్వాన్సుతో మరొకరి స్లాబుకు సిమెంటు కొనుట మన ప్రాంతములో మేము చూచుచున్న వ్యాధి. కొత్త పనులు వచ్చుచున్నంత కాలము అది కనబడదు. ఒక నెల పని రాకపోయిన, అన్ని ఇండ్లును ఒక్కసారి ఆగును. ప్రతి ఇంటికి వేరు బ్యాంకు ఖాతా గాని, వేరు పుస్తకము గాని ఉండవలెను. పునాది, గోడలు, స్లాబు, గిలాబు, ముగింపు అని దశలు విడదీసి, ఏ దశకు కావలసిన సొమ్ము ఆ దశ మొదలు కాకముందు తీసికొనవలెను.

సింగరేణి సివిల్ పనులకు టెండరు వేయువారు మరింత జాగ్రత్తపడవలెను. అక్కడ పని చేసి, కొలతలైన పిమ్మట బిల్లు వచ్చును. డిపాజిట్టు సొమ్ము కొంతకాలము నిలిచియుండును. ఆ మధ్యకాలమునకు కూలి ఎక్కడనుండి వచ్చునో చూచుకొనకుండ అంచనాకంటె తక్కువకు వేయువాడు కాగితముపై లాభము చూపుచునే అప్పులపాలగును.

నాల్గవది: కూలిని, పదునును దొంగిలించిన లాభము లాభము కాదు.

లెక్క తప్పినవాడు మొదట కోయునది కూలివాని వారపు పైకము. తరువాత స్లాబుకు నీళ్లు. అడ్డా మీద నిలిచిన కూలివానికి బిల్లు రాలేదను మాట అన్నము పెట్టదు. బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు హెచ్చరించెను. స్లాబు విషయములోనైతే, మామూలు సిమెంటుకు కనీసము 7 దినములు, బూడిద కలిసిన సిమెంటుకు 10 దినములు తడి ఆరనీయరాదని మన దేశపు ప్రమాణము. రామగుండములో 1983లో ఎన్.టి.పి.సి. మొదటి యూనిట్ నడిచినది మొదలు బూడిదకు కొదువ లేదు. బూడిద ఇటుకలు మన ఊళ్లలో విరివిగా వాడుచున్నారు. అవియును తగినన్ని దినములు నీళ్లు త్రాగినవేనా అని అడిగి, ఒకటి విరిచి చూచి కొనుడి.

సహోదరులారా, యెహోయాదా కాలపు పనివారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదు. మనము అడుగకముందే లెక్క చూపుదము. సరియైన ధర చెప్పుట, దానిలో మన జీవనమును దాచక పెట్టుట, ఇల్లు పూర్తిచేసి తాళపుచెవి ఇచ్చుట, ఈ మూడును ఒకే నమ్మకత్వము. అట్టివాని తరువాతి పనిని ఆ ఇంటివారే తెచ్చి ఇత్తురు.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మనము ఇల్లు కట్టించుకొనునప్పుడు అందరికంటె తక్కువ చెప్పినవానిని ఎందుకు కోరుకొనుచున్నాము?

2. మన చేతిలోనున్న పనులలో ఏ ఇంటి సొమ్ము ఎంత మిగిలియున్నదో నేడు చెప్పగలమా?

3. పోయిన శనివారము మనము ఎవరికైనను కూలి బాకీ పడితిమా?