గాలికి కళ్లెం

బరంపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో గోపాలపురం సముద్రతీరం ఉంది. అక్కడి బెస్తవాడల్లో ఇంటి మాట తెలుగే. ఒడియావారు వీరిని నోలియాలు అంటారు. మోటారు పడవలు రాకముందు వీరు తెప్పలకు తెరచాపలు కట్టుకొని వేటకు వెళ్ళేవారు. తెల్లవారుజామున నేల మీదినుండి వీచే గాలితో బయలుదేరి, మధ్యాహ్నం సముద్రం మీదినుండి వీచే గాలితో ఒడ్డు చేరేవారు. గాలి ఒక్కసారిగా ఉధృతమైతే చాపతాడు బిగబట్టి దానితో పెనుగులాడేవారు కాదు. తాడు వదులు చేసేవారు. చాపలోని గాలి జారిపోయి తెప్ప నిలదొక్కుకొనేది.

ఇదే విద్య నేలమీద కూడ పనికివస్తుంది. కాళ్ళ కింద చక్రాల పలక, చేతిలో పెద్ద గాలిపటం పట్టుకొని, ఇంజను లేకుండా పరుగెత్తే యువకులను మీలో కొందరు చిత్రాల్లో చూచి ఉంటారు. నున్నని నేలకు స్కేట్‌బోర్డు, గడ్డినేలకూ గట్టి ఇసుకకూ లావు టైర్లున్న ల్యాండ్‌బోర్డు వాడతారు.

ఇది నిన్నమొన్న పుట్టిన ఆట అనుకోకండి. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జార్జి పోకాక్ అనే బడిపంతులు ఉండేవాడు. ఆయనకు గాలిపటాల పిచ్చి. తన కూతురు మార్తాను కుర్చీలో కూర్చోబెట్టి పటంతో ఆకాశంలోకి లేపాడు! (పెద్దయ్యాక ఆమెకు పుట్టినవాడే ప్రసిద్ధ క్రికెటు ఆటగాడు డబ్ల్యు.జి. గ్రేస్.) 1826లో పోకాక్ పటాలు లాగే బండికి పేటెంటు పొందాడు. ఆనాడు రహదారి సుంకం గుర్రాలను లెక్కించి వసూలు చేసేవారు. ఈ బండికి గుర్రమే లేదు. సుంకం ఎలా అడుగుతారు? 1903లో శామ్యూల్ కోడీ పటం లాగే పడవలో ఇంగ్లీషు చానెల్ దాటాడు. 1990 ప్రాంతంలో న్యూజీలాండుకు చెందిన పీటర్ లిన్ తేలికైన మూడు చక్రాల పటపు బండిని ప్రచారంలోకి తెచ్చాడు.

ఇక నేర్చుకొనే పద్ధతి చూద్దాం. మొదటి రోజుల్లో పలక ఇంట్లోనే ఉండాలి. రెండు మూడు చదరపు మీటర్ల చిన్న పటంతో నేలమీద నిలబడి సాధన చేయాలి. గాలికి వీపు పెట్టి నిలబడండి. పటం తిరిగే ఆకాశం మీ ఎదుట సగం గొడుగులా ఉంటుంది. ఆ గొడుగు అంచుల్లో లాగుడు తక్కువ. నడినెత్తిన ఉన్నప్పుడూ తక్కువే. సరిగా ఎదుట, కిందికి దిగినప్పుడు మాత్రం పటం కోడెదూడలా లాగుతుంది. ఈ తేడా చేతులకు తెలిసేదాకా ముందుకు పోకూడదు.

తరువాత నేర్వవలసింది వదలటం. మేము చిన్నప్పుడు దారాన్ని చేతికి చుట్టుకొని వేళ్ళు కోసుకొన్నవాళ్ళమే. ఈ పటంతో అలా చేస్తే వేళ్ళే పోతాయి. దీనికి ఇరవై మీటర్లకు పైబడిన దారాలు నాలుగు ఉంటాయి. రెండు లాగేవి, రెండు పటాన్ని అణచేవి. అణచే దారాలకు తగిలించిన పట్టీ మణికట్టుకు ఉంటుంది. చేతిపిడులు వదిలేస్తే లాగుడంతా ఆ దారాల మీదికి వచ్చి, పటం చచ్చుబడి నేలకు దిగుతుంది. భయం వేసినప్పుడు మన చెయ్యి బిగుసుకొంటుంది, తెరవదు. అందుకే గాలి మెత్తగా ఉన్నప్పుడే పదేపదే వదిలి అలవాటు చేసుకోవాలి.

గాలి వేగం రెట్టింపయితే దాని తోపు నాలుగింతలవుతుంది. 2013 అక్టోబరు 12న పైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఆనాటి గాలి వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్లు. మనం పటం ఎగురవేసే 20 కిలోమీటర్ల గాలికి అది పదింతలు, తోపు మాత్రం నూరింతలు. ఆకాశంలో మబ్బు కమ్ముతూ ఉంటే ఎంత నేర్పరి అయినా పటం దింపవలసిందే.

పటం లేకుండా పలక మీద నిలబడటం, మలుపు తిరగటం, ఆగటం వేరుగా నేర్చుకోవాలి. తలకు హెల్మెట్టు, మోకాళ్ళకు, మోచేతులకు తొడుగులు తప్పనిసరి. ఆ తరువాతే రెండింటినీ కలపాలి. పటాన్ని నడినెత్తిన నిలిపి పలక ఎక్కండి. పోవలసిన వైపుకు పటాన్ని కొద్దిగా వంచండి. మోకాళ్ళు వంచి, లాగుడుకు ఎదురుగా వెనక్కు వాలండి. పటం పక్కకు లాగుతుంది, చక్రాలు పక్కకు జారవు. కనుక పలక ముందుకు సాగుతుంది. తెప్ప పక్కన నీటిలోకి నిలువుగా దింపిన పలక చేసే పనే ఇక్కడ చక్రాలు చేస్తాయి. ఆగాలంటే పటాన్ని తిరిగి నెత్తిమీదికి తెచ్చుకోవాలి.

మన తీరం నైరుతి నుండి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలో నైరుతి గాలి ఒడ్డు వెంబడే వీస్తుంది. అప్పుడు ఒకవైపే పోగలం, తిరుగు ప్రయాణంలో పలక చంకన పెట్టుకొని నడవాలి! మధ్యాహ్నపు సముద్రపు గాలి ఒడ్డుకు అడ్డంగా వస్తుంది కాబట్టి అటూ ఇటూ పోవచ్చు. కాని పటం నేలవైపుకు ఎగురుతుంది. అటు ఇళ్ళు, చెట్లు ఉండకూడదు. కరెంటు తీగలు కనుచూపుమేరలో ఉంటే పటం విప్పనే కూడదు. నేలమీదినుండి సముద్రంలోకి గాలి వీచే వేళ కూడ పనికిరాదు.

ఋషికుల్యా నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేలకొలది వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. పైనుండి చూస్తే అక్కడ గూడు ఉన్నట్లే తెలియదు. చక్రాలు తొక్కితే ఇసుక గట్టిపడి పిల్లలు పైకి రాలేవు. గుడ్లు పిగలటానికి సుమారు నెలన్నర నుండి రెండు నెలలు పడుతుంది. ఆ పిల్లలు సముద్రం చేరేవరకు ఆ ఒడ్డున పలక దింపకూడదు.