గినీ పిగ్ ఎక్కువ నీళ్లు తాగుతోందా?



మీ పిల్లలు పెంచుకుంటున్న గినీ పిగ్ మామూలు కంటే ఎక్కువ నీళ్లు తాగుతోందా? బోను తరచూ తడుస్తోందా? బాగా తింటున్నా చిక్కిపోతోందా? మధుమేహం కావచ్చు. మూత్రపిండాల జబ్బులోనూ ఇవే లక్షణాలు కనిపిస్తాయి. అందుకే పశువైద్యుడి దగ్గర రక్తం, మూత్రం పరీక్ష చేయించండి.

షుగర్ అనుకుని మేత ఆపకండి. 12 గంటలు తినకపోయినా దాని ప్రాణానికి ముప్పే. పెద్దల షుగర్ మాత్రలు అసలు వేయకండి. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. బిస్కెట్లు, తీపి పండ్లు మానిపించండి. మనలాగే దాని శరీరమూ విటమిన్ సి తయారుచేసుకోలేదు కాబట్టి రోజూ కొద్దిగా క్యాప్సికమ్ పెట్టండి.

వారానికోసారి దాన్ని తూచి, బరువు నోట్‌బుక్‌లో రాసే పని మీ పిల్లలకే అప్పగించండి. నోరులేని జీవి బాధ ముందుగా తెలిసేది ఆ అంకెల్లోనే.