ఇంజను కంప్యూటర్‌కు మళ్లీ అక్షరాభ్యాసం



మన హాస్టల్లో పదో తరగతి పూర్తిచేసి ఐ.టి.ఐ. మోటార్ మెకానిక్ ట్రేడులోకీ, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ బ్రాంచిలోకీ వెళ్లేవారు ఉంటారు. సెలవుల్లో షెడ్డుల్లో పని నేర్చుకునేవారూ ఉంటారు. వారికి ఉపయోగపడుతుందని ఈ పాఠం రాస్తున్నాం. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మార్చిన పెట్రోలు కారులో ఇంజను కంప్యూటర్‌ను ఎందుకు రీసెట్ చేస్తారు, ఎలా చేస్తారు, ఎక్కడ పొరపాటు పడతాం అన్నదే విషయం. ఆ చివరిది మాత్రం మేము అనుభవించి చెబుతున్నాం.

1. స్క్రూ పోయి కంప్యూటర్ వచ్చింది

ఇంజనులో పెట్రోలు సరిగా మండాలంటే దానికి తగినంత గాలి కావాలి. స్వచ్ఛమైన పెట్రోలు 1 కిలోకు దాదాపు 14.7 కిలోల గాలి అవసరం. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు కొంత తక్కువ సరిపోతుంది. గాలి ఎక్కువైతే 'లీన్' అంటారు, పెట్రోలు ఎక్కువైతే 'రిచ్' అంటారు. కార్బురేటర్ రోజుల్లో మెకానిక్ ఇంజను శబ్దం విని, స్క్రూ తిప్పి ఈ పాళ్లు కుదిర్చేవాడు. ఇప్పుడు ఆ పని ఇ.సి.యు. అనే కంప్యూటర్ చేస్తోంది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకులు కూడా దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. కాబట్టి ఈ సూత్రం బైకు మెకానిక్‌కూ అవసరమే.

2. కంప్యూటర్ ఎలా నేర్చుకుంటుంది?

లోపలికి వచ్చే గాలిని కొన్ని కార్లలో ఎయిర్ ఫ్లో సెన్సార్ నేరుగా కొలుస్తుంది. కొన్నింటిలో ప్రెషర్ సెన్సార్ చెప్పేదాన్ని బట్టి కంప్యూటర్ లెక్క కడుతుంది. మండిన తర్వాత పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ ఫలితం చెబుతుంది. మామూలు ఆక్సిజన్ సెన్సార్ లీన్ అయితే సుమారు 0.1 వోల్టు, రిచ్ అయితే సుమారు 0.9 వోల్టు చూపిస్తుంది.

ఒక ఉదాహరణ. మన హాస్టల్ వంటమనిషి సాంబారు రుచి చూసి ఉప్పు తక్కువైతే అప్పటికప్పుడు చిటికెడు వేస్తాడు. రోజూ తక్కువే అవుతుంటే, మరుసటి వారం నుంచి మొదట్లోనే ఒక చెంచా ఎక్కువ వేయడం అలవాటు చేసుకుంటాడు. ఇంజను కంప్యూటర్ కూడా అంతే. అప్పటికప్పుడు చేసే సవరణను 'షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్' అంటారు. అలవాటుగా దాచుకున్న సవరణను 'లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్' అంటారు.

లెక్క చూద్దాం. ఇంజెక్టర్ 2.5 మిల్లీసెకన్లు తెరుచుకోవాలని మూల లెక్క. లాంగ్ టర్మ్ ట్రిమ్ +8 శాతం ఉంటే 2.7 మిల్లీసెకన్లు తెరుచుకుంటుంది. +20 శాతం ఉంటే 3.0 అవుతుంది. సాధారణంగా ఇది 10 శాతానికి లోపల, అటైనా ఇటైనా, ఉంటే ఫరవాలేదు. అంతకు మించితే ఏదో తేడా ఉన్నట్టే.

3. మార్పు తర్వాత రీసెట్ ఎందుకు?

ఉప్పు రకం మారితే పాత చెంచా లెక్క పనికిరాదు. అలాగే గాలి వచ్చే దారి మారితే పాత అలవాటు తప్పు అవుతుంది. ఉదాహరణకు ఎయిర్ ఫ్లో సెన్సార్‌ను వెడల్పైన పైపులో బిగిస్తే, వచ్చే గాలి కంటే తక్కువ గాలి వచ్చినట్టు అది చెబుతుంది. ఇంజను లీన్ అవుతుంది. కంప్యూటర్ నెమ్మదిగా తానే సర్దుకుంటుంది కానీ, ఈలోగా స్లో నిలబడకపోవడం, జర్కులు రావడం జరగవచ్చు. పాత అలవాటు చెరిపేస్తే కొత్త భాగాలతో సున్నా నుంచి నేర్చుకుంటుంది. రీసెట్ అంటే ఇంతే.

4. చేసే విధానం

మొదట ఆ బండి కంపెనీ మాన్యువల్ చూడాలి. అందులో వేరే పద్ధతి ఉంటే అదే పాటించాలి. సాధారణ క్రమం ఇది:

(అ) స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ పెట్టి, లోపాల కోడ్లు, ట్రిమ్ అంకెలు నోటు పుస్తకంలో రాసుకోవాలి. రీసెట్ చేశాక అవి మళ్లీ దొరకవు.

(ఆ) ఫిల్టర్ పైపు క్లాంపులు, రబ్బరు గొట్టాలు, సెన్సార్ ప్లగ్గులు, సైలెన్సర్ గ్యాస్కెట్ చూడాలి. ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు పొగ గొట్టం లీకైతే బయటి గాలి లోపలికి చేరి, సెన్సార్ లీన్ అని అబద్ధం చెబుతుంది. కంప్యూటర్ అనవసరంగా పెట్రోలు పెంచుతుంది.

(ఇ) స్కానర్‌తో చెరపడం మంచి పద్ధతి. అది లేకపోతే తాళం తీసి, కొన్ని నిమిషాలు ఆగి, 10 నంబరు పానాతో బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి, అరగంట ఉంచాలి. ప్లస్ ముందు విప్పకూడదు. పానా బాడీకి తగిలితే షార్ట్ అవుతుంది. కొన్ని బండ్లలో బ్యాటరీ తీసినా జ్ఞాపకం చెరగదు. కొన్నింటిలో రేడియో కోడ్ అడుగుతుంది. ముందే తెలుసుకోవాలి.

(ఈ) తిరిగి బిగించాక ఏ.సి., లైట్లు ఆపి స్టార్ట్ చేయాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా రేడియేటర్ ఫ్యాన్ తిరిగే వరకు స్లోలో ఉంచాలి. తర్వాత ఏ.సి. వేసి మరికొన్ని నిమిషాలు ఉంచాలి.

(ఉ) ఊళ్లోనూ, హైవే మీదా నిలకడగా నడపాలి. రెండు మూడు రోజుల తర్వాత ట్రిమ్ అంకెలు మళ్లీ చూసి, పాతవాటితో పోల్చాలి.

5. మా పొరపాటు

ఒకసారి ట్యాక్సీ నడుపుకునే మన హాస్టల్ పాత విద్యార్థి ఒకరు, వేరేచోట కొత్త ఫిల్టర్ వేయించుకుని మా దగ్గరకు వచ్చాడు. చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. ట్రిమ్ +22 చూపింది. తొందరలో ఉండి మేము (ఆ) మెట్టు వదిలేసి, రీసెట్ చేసి పంపాం. లైటు ఆరిపోయింది. డబ్బులు తీసుకున్నాం. నాలుగో రోజు మళ్లీ వచ్చాడు. అదే లైటు, లీన్ అని చెప్పే పి0171 కోడ్. దారిలో బండి ఆగి ఆగి నడిచి రెండు ట్రిప్పులు పోయాయి. నెల కిస్తీ దగ్గర పడింది.

"అన్నా, లైటు ఆర్పావు గానీ రోగం చూడలేదేం?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

చూస్తే ఎయిర్ ఫ్లో సెన్సార్ తర్వాత ఉన్న క్లాంపు వదులుగా ఉంది. సెన్సార్ లెక్కపెట్టని గాలి అక్కడి నుంచి దూరుతోంది. స్క్రూడ్రైవర్‌తో బిగించడానికి రెండు నిమిషాలు పట్టలేదు. తర్వాత రీసెట్ చేస్తే ట్రిమ్ +4 దగ్గర నిలిచింది. డబ్బులు తిరిగి ఇచ్చాం కానీ అతని రెండు ట్రిప్పులు ఇవ్వలేకపోయాం. మన వాళ్లే కదా అని నమ్మి వచ్చినవాడి దగ్గర ఇలా జరిగింది. అందుకే చెబుతున్నాం: చెరపడం వేరు, బాగుచేయడం వేరు.

6. రీసెట్ చేయనివి

రీసెట్ వల్ల ఇంజను బలం పెరగదు. కంపెనీ వేసిన మూల పట్టిక మారదు, నేర్చుకున్న సవరణలే పోతాయి. మొదట్లో పికప్ పెరిగినట్టు అనిపించినా దాన్ని నమ్మి కస్టమర్‌కు మాట ఇవ్వవద్దు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన బండిలో పి0420 కోడ్ ఎన్నిసార్లు చెరిపినా తిరిగి వస్తుంది.

చట్టం కూడా గుర్తుండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి అసలు రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరి నడిపితే మొదటి తప్పుకే 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది. పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ బిగించమని అడిగేవారికి ఈ మాట చెప్పడం కూడా మెకానిక్ పనే.

7. మీకు మీరే ప్రశ్నించుకోండి

1. ట్రిమ్ +20 ఉంటే కంప్యూటర్ పెట్రోలు పెంచుతోందా, తగ్గిస్తోందా?
2. మైనస్ టెర్మినల్ ముందు ఎందుకు విప్పాలి?
3. సెన్సార్‌కు ముందు పొగ గొట్టం లీకైతే ఇంజను నిజంగా లీన్ అవుతుందా, రిచ్ అవుతుందా?
4. రీసెట్‌కు ముందు అంకెలు ఎందుకు రాసుకోవాలి?

జవాబులు పైనే ఉన్నాయి. స్కానర్ కొనే స్తోమత ఇవాళ లేకపోవచ్చు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను మాత్రం ఈ రోజే జేబులో పెట్టుకోండి. చూసింది రాసుకునే అలవాటు ఉన్నవాడు ఏ షెడ్డులోనైనా నిలబడతాడు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు సందేహాలుంటే అడగండి, తెలిసినంత చెబుతాం.