పొందూరు పంచెకు కుంకుడు రసం

డిటర్జెంట్ పౌడర్ పూర్తిగా మానెయ్యమని చెప్పను. మెకానిక్ చొక్కా గ్రీజుకి కుంకుడుకాయ చాలదు. పొందూరు సన్న ఖద్దరు, పట్టుచీర సంగతి వేరు. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికి నేసిన పంచెని ఘాటు పౌడర్‌లో నానేసి బండకేసి బాదడానికి మనసెలా ఒప్పుతుంది?

పొందూరుకి దగ్గర్లోని రాజాం వాళ్లకు కుంకుళ్లకు కొదవ లేదు. సీతంపేట కొండలు మరీ దూరం కాదు. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, అడవి బిడ్డలు ఏరి తెచ్చిన కుంకుళ్లు, శీకాయ, చింతపండు కొని అమ్ముతుంది. కాయ ముడతలు పడి ముదురు గోధుమరంగులో ఉండాలి. బూజు వాసన వస్తే తీసుకోవద్దు.

ముందు ఎండ. రెండు రోజులు బాగా ఎండితే కాయ ఊపినప్పుడు లోపల గింజ గలగలమంటుంది. అప్పుడు రాయితో ఒక్క దెబ్బ వేస్తే చాలు. నల్ల గింజలు పిల్లల ఆటకి వదిలెయ్యండి, నురగంతా తొక్కలోనే. వంద గ్రాముల తొక్కకి లీటరు నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వాలి. పొద్దున్నే పెద్ద గిన్నెలో, సన్న సెగ మీద ఇరవై నిమిషాలు మరిగించాలి. గిన్నె పెద్దదే ఎందుకంటే, ఇది పాలకన్నా మోసంగా పొంగుతుంది. చల్లారాక తొక్కని చేత్తో గట్టిగా పిసికి, పాత పంచె ముక్కలో వడకట్టాలి. చిక్కటి గోధుమరంగు రసం దిగుతుంది. పిసికిన చేత్తో కళ్లు నలుపుకోకండి. తలంటు నాడు ఏడ్చిన వాళ్లకి ఆ మంట వేరే చెప్పక్కర్లేదు.

అరబకెట్ గోరువెచ్చటి నీళ్లకి ఒక టీగ్లాసు రసం సరిపోతుంది. అరగంట నానబెట్టి, మెడపట్టీ, అంచులు చేత్తో రుద్ది, రెండుసార్లు జాడించండి. నురగ తక్కువొచ్చిందని రసం ఎక్కువ పొయ్యొద్దు. పని చేసేది సపోనిన్ అనే పదార్థం. నూనెమురికిని బట్ట నుంచి విడదీసి నీళ్లలో కలిపేస్తుంది. బోరు ఉప్పునీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది గానీ, కుంకుడు అలా విరగదు. చిక్కగా వాడితే మాత్రం తెల్లబట్టకి పసుపుఛాయ వస్తుంది. రంగుబట్టయితే ముందు ఓ మూల తడిపి చూసుకోవాలి.

చివరి జాడింపు అయ్యాక ఖద్దరుకి గంజి. అన్నం వార్చిన గంజిని వడకట్టి, మూడింతల నీళ్లు కలిపి ముంచి, దులిపి, నీడన ఆరేస్తే మడత నిలబడుతుంది. పెట్టెలో దాచే బట్టకి గంజి పెట్టొద్దు, పురుగు చేరుతుంది.

మిగిలిన రసం బయట ఉంచితే రెండు మూడు రోజుల్లో పులిసి కంపు కొడుతుంది. ఫ్రిజ్‌లో వారం దాకా ఆగుతుంది. పాడైతే చెరువులో మాత్రం పారబొయ్యకండి. సపోనిన్ చేపలకి విషం. చెట్టు నుంచి వచ్చిందేదీ హాని చెయ్యదనుకోవడం పొరపాటు.

వడకట్టిన పిప్పితో జిడ్డు గిన్నెలు తోమొచ్చు. బుడితి ఇత్తడి చెంబులకి అది చాలదు, వాటికి చింతపండు కావాలి. పులుసు తీసిన పిప్పే సరిపోతుంది. చిటికెడు రాళ్ల ఉప్పు కలిపి రుద్దితే, లోహం మీది నలుపుని చింతపండులోని ఆమ్లం కరిగిస్తుంది. ఇటుకపొడి వేస్తే గీతలు పడతాయి. కడిగిన వెంటనే పొడిబట్టతో తుడవాలి, లేకపోతే సాయంత్రానికే మచ్చలు తేలతాయి.

శుభ్రం చెయ్యడానికి వెనిగర్‌లో వంటసోడా కలిపే వీడియోలు చూసే ఉంటారు. బుస్సుమని పొంగడం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఒకదాని బలం ఒకటి విరిచేసుకుంటాయి. విడివిడిగా వాడితేనే రెండూ పనికొస్తాయి. వెనిగర్ అయినా, నిమ్మరసమయినా, మరుగుదొడ్డి యాసిడ్ అయినా బ్లీచింగ్ పౌడర్‌తో కలవనివ్వకండి. వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది.